నీళ్ళ బట్టకు గట్టు మీద తీర్పు

బట్టలు మార్చుకునే గది నుంచి పూల్ అంచు దాకా మహా అయితే ముప్పై అడుగులు. ఈత బ్రీఫ్ మొదటిసారి వేసుకున్న రోజు ఆ ముప్పై అడుగులూ నడుముకు తువ్వాలు చుట్టుకుని, ముడి ఎక్కడ విడిపోతుందోనని చేత్తో పట్టుకుని నడిచాను. అంచు దగ్గర తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసి చటుక్కున నీళ్ళలోకి దిగిపోయాను. దిగాక ఒంటి మీద ఏముందన్న ధ్యాసే లేదు. నలభై నిమిషాలు ఈదాను. పైకెక్కడానికి నిచ్చెన పట్టుకున్నాక మళ్ళీ గుర్తొచ్చింది. కళ్ళు తువ్వాలు కోసం వెతికాయి.

మగవాళ్ళ ఈత బ్రీఫ్ చుట్టూ ఉన్న చిక్కంతా ఆ ముప్పై అడుగుల్లోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ బట్టను కుట్టింది నీళ్ళ కోసం. దాని మీద తీర్పు చెప్పేది గట్టు మీద. నీళ్ళలో ఏది మంచి బట్ట అనిపిస్తుందో అదే గట్టు మీద తప్పుగా కనిపిస్తుంది. బ్రీఫ్‌ని మెచ్చుకునేవాళ్ళూ ఏవగించుకునేవాళ్ళూ వాదించుకుంటుంటే వింటే, ఒకరు నీళ్ళలోంచి మాట్లాడుతుంటారు, ఇంకొకరు గట్టు మీంచి. అందుకే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

ముందు ఏ బట్ట గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం. ఈతకు మగవాళ్ళు వేసుకునేవి ముఖ్యంగా నాలుగు రకాలు. తుంటి మీద కూర్చుని, తొడలను పూర్తిగా వదిలేసేది బ్రీఫ్. పక్కలు వెడల్పుగా ఉండి, తొడ మొదట్లో అడ్డంగా కత్తిరించినట్టు ఉండేది ట్రంక్. మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని ఉండేది జామర్. మోకాళ్ళ దాకానే వచ్చినా వదులుగా, జేబులతో ఉండేవి బోర్డ్ షార్ట్స్. స్పీడో అన్నది నిజానికి ఒక కంపెనీ పేరు. కానీ చాలా దేశాల్లో జనం బ్రీఫ్‌నే స్పీడో అంటారు, ఆ కంపెనీ మిగతా రకాలన్నీ అమ్ముతున్నా సరే.

చూడ్డానికి లోదుస్తులా ఉంటుందన్నది బ్రీఫ్ మీద మొదటి ఫిర్యాదు. ఆకారం వరకు నిజమే. చేతిలోకి తీసుకుంటే మాత్రం తేడా తెలిసిపోతుంది. లోదుస్తు నూలుది, నీళ్ళు తాగి బరువెక్కి జారిపోతుంది, తడిస్తే ఒంటి రంగు కూడా కనిపిస్తుంది. ఈత బ్రీఫ్ నైలానుదో పాలిస్టరుదో అయి ఉంటుంది, సాగడానికి అందులో ఎలాస్టేన్ దారం కలుపుతారు. ముందువైపు లోపల ఇంకో పొర లైనింగ్, నడుముకు నాడా. తడిసినా దాదాపు పొడిగా ఉన్నప్పటంత దట్టంగానే ఉంటుంది. దీని కింద ఇంకేమీ వేసుకోరు. అసలు దాన్ని కుట్టిందే అలా వేసుకోవడానికి.

నేను మొదటి వారాలన్నీ వదులు షార్ట్స్‌తోనే ఈదాను. గోడను కాలితో తన్ని ముందుకు జారిన ప్రతిసారీ రెండు జేబులూ నీళ్ళతో బుడగల్లా ఉబ్బేవి, నడుము దగ్గర ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉండేది. కాలు ఆడించినప్పుడల్లా తడిగుడ్డ తొడను చుట్టుకునేది. ఈత నేర్పే పెద్దాయన గట్టు మీంచి చూసి చూసి ఒకరోజు, ‘బాబూ, నువ్వు కాళ్ళు బాగానే కొడుతున్నావు, నీ గుడ్డే నిన్ను పోనివ్వట్లేదు’ అన్నారు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. పైగా వేగం రెట్టింపయితే నీటి ఎదురు సుమారుగా నాలుగింతలవుతుంది. గాలిలో పట్టించుకోనక్కర్లేని మడత కూడా నీళ్ళలో గొడుగులా తెరుచుకుంటుంది. ఇక పదిమీటర్ల ఎత్తునుంచి దూకే డైవర్‌కు వదులు గుడ్డ పనికే రాదు. గాలిలో ముడుచుకుని తిరిగేటప్పుడు చేతులు కాళ్ళను పట్టుకోవాలి గానీ గుడ్డను కాదు. నీళ్ళలో బంతితో ఆడే వాటర్ పోలోలో ప్రత్యర్థి చేతికి ఏది దొరికితే అది పట్టుకుని లాగుతాడు, కాబట్టి అక్కడ ఎంత తక్కువ బట్ట ఉంటే అంత క్షేమం.

నీళ్ళ వైపు లెక్క ఇంత సూటిగా ఉంటుంది. గట్టు వైపు లెక్క అలా కాదు, తరం తరానికీ మారుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో సగం దాకా ఇంగ్లండ్ సముద్రతీరాల్లో మగవాళ్ళు ఏమీ లేకుండానే నీళ్ళలోకి దిగేవాళ్ళు. 1860లలో డ్రాయర్లు వచ్చినప్పుడు వాటిని వ్యతిరేకించింది కూడా మగవాళ్ళే. తడిస్తే అతుక్కునే ఆ గుడ్డ ఎందుకని వాళ్ళ గోడు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వాళ్ళకు ఇంకో రకం భయం. అక్కడ పట్టపగలు సముద్రంలో స్నానం చెయ్యడమే నిషేధం. 1902లో విలియం గోచర్ అనే పత్రికా సంపాదకుడు ముందే ప్రకటించి మరీ మాన్లీ తీరంలో పగటిపూట నీళ్ళలోకి దిగాడు. మరుసటి ఏడాదికి మాన్లీ కౌన్సిల్ నియమం సడలించింది.

అయిదేళ్ళ తర్వాత జరిగింది ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. 1907లో సిడ్నీ తీర కౌన్సిళ్ళు ఆడా మగా తేడా లేకుండా అందరూ మోకాళ్ళ దాకా కుచ్చెళ్ళలాంటి అంచున్న అంగీ వేసుకోవాలని ప్రతిపాదించాయి. ఆ అక్టోబరులో బోండై, మాన్లీ, కూజీ తీరాల్లో వేలమంది గుమిగూడారు. మగవాళ్ళు ఆడవాళ్ళ లంగాలు, టేబుల్ గుడ్డలు, కిటికీ పరదాలు కట్టుకుని ఊరేగారు. ప్రతిపాదన అక్కడితో పోయింది. వాళ్ళలో చాలామంది అలల్లో మునిగేవాళ్ళను కాపాడే స్వచ్ఛంద దళాల మనుషులు. తడిసిన లంగాతో మనిషిని ఒడ్డుకు ఈడ్చుకురావడం ఎలాగో కౌన్సిల్ వాళ్ళు ఆలోచించలేదు, నీళ్ళలో ఉండేవాళ్ళు ఆలోచించారు. గట్టు మీద కూర్చుని నీళ్ళ బట్టకు చట్టం రాస్తే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే సంఘటన నాకు తెలియదు.

అప్పటి ఈత దుస్తులు ఉన్నివి. భుజాలనుంచి తొడలదాకా ఉండి, తడిస్తే బరువెక్కి సాగిపోయేవి. స్కాట్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు వలస వచ్చిన అలెగ్జాండర్ మెక్‌రే 1914లో పెట్టిన అల్లికల మిల్లు 1928లో స్పీడో పేరుతో ఈత దుస్తులు అమ్మడం మొదలుపెట్టింది. వీపు కనిపించేలా, చేతులు ఆడేలా కత్తిరించిన దుస్తులవి. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా ఈతగత్తె క్లేర్ డెనిస్ అలాంటి దుస్తులతో ఈదితే, భుజాల ఎముకలు మరీ కనిపిస్తున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఆమె స్వర్ణం గెలిచింది. మగవాళ్ళ ఛాతీ సంగతీ అంతే. 1930లలో అమెరికాలో అట్లాంటిక్ సిటీ తీరంలో పైన ఏమీ వేసుకోకుండా తిరిగిన మగవాళ్ళను పోలీసులు పట్టుకునేవాళ్ళు. ఇవాళ తీరంలో మగవాడి ఛాతీ ఎవరి కంటికైనా ఆనుతుందా? తొంభై ఏళ్ళ కిందట అది నేరం.

బ్రీఫ్ ఇప్పటి రూపానికి వచ్చింది 1960 ప్రాంతంలో. దాన్ని గీసినాయన స్పీడో కంపెనీ డిజైనర్ పీటర్ ట్రావిస్. ఈత దుస్తుల్లో హుందాగా కనిపించడం గురించి కాక ఈదడం గురించి ఆలోచించాడాయన. అంతకుముందు ఈత లాగులు నడుము మీద కూర్చునేవి. మనిషి వంగినా, ఊపిరి పీల్చినా, పక్కకు తిరిగినా నడుము కొలత మారుతుంది, అందుకే లాగు జారేది లేదా కోసుకుపోయేది. తుంటి ఎముకలు మారవు. ట్రావిస్ బట్టను అక్కడికి దింపాడు. చూసేవాళ్ళకు అది ‘చిన్నదైపోయిన లాగు’. ఆయన చేసిందల్లా ఒంట్లో కదలని చోటు వెతికి గుడ్డను అక్కడ ఆనించడం.

1961లో బోండై తీరంలో ఆ బ్రీఫ్‌లు వేసుకున్న కొందరు మగవాళ్ళను అసభ్యత నేరం మీద అరెస్టు చేశారు. వాళ్ళను పట్టుకున్న బీచ్ ఇన్‌స్పెక్టర్ ఆబ్ లైడ్‌లా అప్పటికే బికినీల కొలతలు చూసి ఆడవాళ్ళను తీరం నుంచి పంపించిన మనిషిగా ఊరంతటికీ తెలుసు. కేసు కోర్టుకెళ్ళింది. మర్మాంగాల దగ్గరి వెంట్రుకలేవీ కనిపించలేదు కాబట్టి ఇది అసభ్యత కాదని కొట్టేశారు. తీర్పు వచ్చింది గానీ, ఆ తీర్పు దేన్ని కొలిచిందో చూడండి. ఏమి కప్పబడి ఉందన్నదే దానికి ప్రశ్న. ఆకారం తెలియడం గురించి అందులో మాట లేదు. ఇప్పటికీ జనాన్ని ఇబ్బంది పెట్టేది మాత్రం ఆ ఆకారమే.

తర్వాతి ఇరవై ఏళ్ళూ బ్రీఫ్‌వే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ 7 స్వర్ణాలు గెలిచి, జెండా రంగుల బ్రీఫ్‌తో, మెడలో ఆ ఏడు పతకాలతో నిలబడ్డ పోస్టర్ అమెరికాలో ఇళ్ళ గోడలకెక్కింది. ఆ కాలంలో బ్రీఫ్ అంటే ఈతగాడు. మరి అదే అమెరికాలో ఇప్పుడు అంత సంకోచం ఎందుకు?

నా ఉద్దేశంలో దీనికి మొదటి కారణం అలవాటు తప్పడం. 1980ల చివర్లో, 1990లలో సర్ఫింగ్ ఫ్యాషను వల్ల బోర్డ్ షార్ట్స్ సముద్రం చూడని ఊళ్ళక్కూడా పాకాయి. అదే సమయంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ నిక్కర్లు కూడా మోకాళ్ళ దాకా దిగాయి. పొడుగే మగతనం అన్నట్టు ఒక తరం పెరిగింది. ఆపై పందేల్లోనూ బ్రీఫ్ కనుమరుగైంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఒళ్ళంతా కప్పే సూట్లు వచ్చాయి. 2008లో పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పలకలు అతికించినవి వచ్చాయి. 2009 రోమ్ ప్రపంచ పోటీల్లో ఒక్క వారంలో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. దాంతో అంతర్జాతీయ ఈత సమాఖ్య 2010 జనవరి నుంచి వాటిని నిషేధించింది. మగవాళ్ళ దుస్తులు బొడ్డు పైకి రాకూడదు, మోకాళ్ళు దాటకూడదు, నేసిన బట్టే అయి ఉండాలి అని నియమం పెట్టింది. అప్పుడు బ్రీఫ్ తిరిగి రాలేదు, జామర్ వచ్చి కూర్చుంది. ఇప్పుడు టీవీలో ఈతపందెం చూసేవాడికి బ్రీఫ్ దాదాపుగా కనిపించదు. డైవింగులో, వాటర్ పోలోలో మిగిలింది. పోటీ ఈతగాళ్ళు రోజువారీ సాధనలో ఇప్పటికీ బ్రీఫే వేసుకుంటారు, కానీ సాధనకు కెమెరాలు రావు. కంటికి అలవాటు తప్పింది ఏదైనా సరే, మళ్ళీ ఎదురైనప్పుడు తెగింపులా కనిపిస్తుంది.

రెండో కారణం గురించి మాట్లాడటానికి చాలామంది ఇష్టపడరు. అమెరికాలో, మరికొన్ని చోట్ల బ్రీఫ్‌కి స్వలింగ సంపర్కుల దుస్తు అన్న ముద్ర పడింది. ఒంటిని దాచుకోనక్కర్లేదనుకున్న గే పురుషులు తమ తీరాల్లో దాన్ని వదల్లేదు. మిగతా మగవాళ్ళలో కొందరు అది చూసి ‘నన్నూ అలా అనుకుంటారేమో’ అని వదిలేశారు. ఇక్కడ భయపెట్టింది గుడ్డ కాదు, తోటి మగవాళ్ళ నోళ్ళు. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, ఆ భయం ఇద్దరినీ దెబ్బ తీసింది. ఒకరి ఇష్టాన్ని ఎగతాళి వస్తువు చేసింది, ఇంకొకరికి హాయిగా ఈదే వీలు లేకుండా చేసింది.

మూడోది ఒంటి తీరు మీద తీర్పు. పలకలు తేరిన పొట్టతో పాతికేళ్ళ కుర్రాడు బ్రీఫ్ వేసుకుంటే అథ్లెట్. పొట్ట వచ్చిన యాభై ఏళ్ళాయన అదే వేసుకుంటే ‘ఈ వయసులో ఈయనకెందుకు’. గుడ్డ ఒకటే, నీళ్ళూ ఒకటే. అంటే అభ్యంతరం అసభ్యత మీద కాదన్నమాట. అసభ్యతే అయితే ఇద్దరిదీ సమానంగా అసభ్యత కావాలి. చూడ్డానికి బాగున్న ఒంటికి ఒక అనుమతి, బాగోలేదనుకున్న ఒంటికి ఒక శిక్ష, దానికి మర్యాద అని పేరు. దీన్ని ఆడవాళ్ళు తరాలుగా పడుతున్నారు. బ్రీఫ్ దగ్గర మగవాళ్ళకు ఆ సెగ కాస్త తగులుతుంది.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తీరం మీద బికినీలో ఆడవాళ్ళు, మోకాళ్ళ దాకా షార్ట్స్‌లో మగవాళ్ళు పక్కపక్కన ఉన్న దృశ్యం చాలా దేశాల్లో మామూలు. ఆమె ఒంట్లో పదింట తొమ్మిది వంతులు కనిపిస్తే ఎవరికీ పట్టదు, అతని తొడ కనిపిస్తే ఇబ్బంది. ఆడవాళ్ళ ఒళ్ళు చూడటానికి, మగవాళ్ళ ఒళ్ళు చూడకుండా ఉండటానికి అలవాటుపడ్డ చూపు అది. మగవాడి అవయవం ఆకారం గుడ్డ కింద తెలియడాన్ని చాలామంది ఒక బెదిరింపులా, కావాలని చేసిన ప్రదర్శనలా తీసుకుంటారు. ఆస్ట్రేలియన్లు దాన్ని నవ్వుతో దాటేశారు. అక్కడ బ్రీఫ్‌ని ‘బడ్జీ స్మగ్లర్లు’ అంటారు, అంటే లోపల చిన్న చిలుకను దాచి తీసుకెళ్ళేవి అని. 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువులో కూడా ఆ మాట చేరింది. ప్రధానిగా చేసిన టోనీ ఆబట్ తీరంలో ప్రాణాలు కాపాడే స్వచ్ఛంద దళ సభ్యుడు. ఎర్ర బ్రీఫ్‌లో ఆయన ఫొటోలు ఏళ్ళ తరబడి ఎగతాళికి గురయ్యాయి. అదే దళంలో అదే బ్రీఫ్ వేసుకున్న మిగతావాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. ప్రధాని అనే పదవిని జనం గట్టు మీద ఊహించుకుంటారు మరి.

ఇక నియమాలు దేశాన్ని బట్టి ఎంత ఎదురెదురుగా ఉంటాయో చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రాన్స్‌లో మునిసిపల్ పూల్స్‌కి వదులు షార్ట్స్‌తో వెళితే వెనక్కి పంపిస్తారు, ఒంటికి పట్టే దుస్తులే వేసుకోవాలి. కారణం శుభ్రత. వదులు షార్ట్స్ వేసుకుని బయట తిరిగొచ్చి, అదే దుమ్ముతో, అదే చెమటతో నీళ్ళలోకి దిగుతారు. చెమటా మూత్రమూ క్లోరిన్‌తో కలిస్తే క్లోరమైన్లు పుడతాయి, పూల్ దగ్గర ముక్కులదరగొట్టే ఆ వాసన, కళ్ళ మంట వాటివే. బ్రీఫ్ వేసుకుని ఎవరూ బజారుకెళ్ళరు, కాబట్టి అది పూల్‌కి శుభ్రంగా వస్తుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు కేప్ మే పట్టణంలో సరిగ్గా దీనికి తిరగేసిన నియమం ఉండేది. మగవాళ్ళు ఒంటికి అతుక్కునే ఈత దుస్తులు వేసుకోకూడదు. దశాబ్దాలపాటు పుస్తకాల్లో ఉన్న ఆ నిషేధాన్ని 2005లో ఎత్తేశారు. బ్రెజిల్‌లో అయితే చర్చే లేదు. పక్కలు కాస్త వెడల్పుగా ఉండే ‘సుంగా’ అక్కడ తాతలకూ మనవళ్ళకూ మామూలు తీరం దుస్తు. ఇంకో విడ్డూరం, అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ 1926 నుంచి 1962 దాకా ఇండోర్ పూల్స్‌లో మగవాళ్ళు నగ్నంగా ఈదడమే మంచిదని సిఫారసు చేసింది, ఉన్ని పోగులు ఫిల్టర్లకు అడ్డుపడతాయని. వైఎంసీఏ పూల్స్‌లో అదే నియమం. ఆ పూల్స్‌లో ఈదినవాళ్ళ మనవలే ఇవాళ బ్రీఫ్ మరీ చిన్నదంటున్నారు.

ఫ్రాన్స్ నియమం వెనక తర్కం నాకు నచ్చుతుంది, బలవంతం నచ్చదు. తొడ మీద కాలిన మచ్చో ఆపరేషను గాటో ఉన్నవాళ్ళుంటారు, విశ్వాసం కొద్దీ మోకాళ్ళ దాకా కప్పుకునేవాళ్ళుంటారు, ఒట్టిగా బిడియస్తులుంటారు. వాళ్ళకు జామర్ సరిపోతుంది. ఒంటికి పట్టి ఉంటుంది, నీటిని అడ్డుకోదు, శుభ్రతా తప్పదు. ఏ పూల్ అయినా ‘ఒంటికి పట్టే ఈత దుస్తు’ అని నియమం రాసి, పొడుగెంతో మనిషికే వదిలేస్తే అందరికీ నీళ్ళు దక్కుతాయి.

గట్టు మీదివాళ్ళ అభ్యంతరంలో న్యాయమైన భాగం కూడా ఒకటుంది, అది చోటుకు సంబంధించింది. 2016లో మలేషియా గ్రాండ్ ప్రీ కార్ల రేసు దగ్గర తొమ్మిదిమంది ఆస్ట్రేలియన్లు మలేషియా జెండా ముద్రించిన బ్రీఫ్‌లతో నిలబడి అరెస్టయ్యారు, నాలుగు రాత్రులు నిర్బంధంలో గడిపారు. అక్కడ ఈత లేదు, నీళ్ళు లేవు. ఉన్నది రేస్ ట్రాక్, వేరేవాళ్ళ జెండా. ఈత బ్రీఫ్‌కి నీళ్ళే సాకు, నీళ్ళే సమర్థన. వాటికి దూరంగా హోటల్ లాబీలోకో తినే చోటికో అలాగే నడిచెళ్ళేవాడిని చూసి ఎవరైనా మొహం తిప్పుకుంటే నేను వాళ్ళ పక్షమే. అక్కడ తువ్వాలు చుట్టుకోవాలి, లేదా పైన షార్ట్స్ వేసుకోవాలి. పూల్ అంచున ఆ అవసరం లేదు. అక్కడ చూసేవాళ్ళే చూపు అదుపులో పెట్టుకోవాలి, ఫోన్ కూడా సంచిలో పెట్టుకోవాలి.

మొదటిసారి వేసుకోబోయేవాళ్ళకు నేను నేర్చుకున్నవి చెప్తాను. ఈ బట్ట తడిస్తే కొద్దిగా సాగుతుంది, అందుకని పొడిగా ఉన్నప్పుడు కాస్త బిగుతుగా అనిపించే కొలతే తీసుకోండి, తొడ దగ్గర కోసుకోకుండా చూసుకుంటే చాలు. నాడా ముడి వేసి చివరలు లోపలికి దోపుకోండి. ముదురు రంగుది, ముందు రెండు పొరలున్నది తీసుకుంటే మొదటి రోజుల బెరుకు సగం తగ్గుతుంది. లోపల నూలు డ్రాయరు వేసుకోవద్దు, అది నీళ్ళు తాగి జారిపోతుంది, దాని పోగులు ఫిల్టర్లలోకి పోతాయి. ఈదడం అవ్వగానే మంచినీళ్ళలో జాడించి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడన ఆరేయండి. ఎలాస్టేన్‌ను క్లోరిన్ మెల్లగా తినేస్తుంది. ఏడాది తిరిగేసరికి వెనక భాగం పల్చబడుతుంది. నెలకోసారి దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, చెయ్యి కనిపిస్తే కొత్తది కొనుక్కునే వేళయినట్టే.